కంచె చేను మేసినప్పుడు: మెదడు – రోగనిరోధక శక్తి

‘ఆరోగ్యమే మహాభాగ్యము’ అన్నది తెలుగు సామెత. ‘తందురుస్తీ హజార్ నేమత్ హై’ అన్నది ఉర్దూ సామెత. రెండు భాషలూ ఒకే ప్రాంగణంలో వినిపించే మన కళాశాలలో ఈ రెండింటి భావం ఒకటేనని వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ఆరోగ్యమనగానే మనకు కండబలం, ఆకలి, నిద్ర, రక్తపుష్టి గుర్తుకు వస్తాయి గాని, వీటన్నిటినీ నడిపించే మెదడు గుర్తుకు రావడం అరుదు. ఆ మెదడును కాపాడే వ్యవస్థ ఒకటి ఉన్నదనీ, ఒక్కొక్కప్పుడు ఆ వ్యవస్థయే మెదడుకు శత్రువవుతుందనీ ఎరిగినవారు మరీ అరుదు.

మేము వైద్యులము కాము, భాషాబోధకులము. అయినను శాస్త్రవిషయాలు మాతృభాషలో చెప్పుకొన్నప్పుడే ఇంటింటికీ చేరుతాయన్న విశ్వాసంతో ఈ వ్యాసానికి పూనుకొన్నాము. పైగా ఈ విషయం మనకు దూరమైనది కాదు. కుక్క కరిచినవారికి ఒకప్పుడు బొడ్డు చుట్టూ పొడిచిన సూదులలోను, వానాకాలంలో పసిపిల్లల ప్రాణాలు తీసిన మెదడువాపు జ్వరాలలోను, ఇంటి పెద్దలను పట్టి పీడించే మతిమరుపులోను ఇదే సూత్రం దాగి ఉన్నది. ఉత్తర తెలంగాణ ప్రజలు దీనిని పుస్తకాలలో చదవకముందే అనుభవంలో చూసినారు.

కోట – కావలి

శరీరాన్ని కోటతో పోల్చడం వాడుక. కరీంనగరు సమీపంలోని ఎలగందుల కోటను చూసినవారికి ఈ పోలిక సులభంగా బోధపడుతుంది. బయట కందకం, ఆపైన ప్రాకారం, ద్వారాలు, ద్వారాల వద్ద కావలివారు, అన్నిటికన్న పైన రాజమందిరం. మన చర్మం కందకం వంటిది. రక్తంలో తిరుగాడే తెల్లకణాలు కావలివారు. మెదడు రాజమందిరం.

రోగనిరోధక వ్యవస్థ చేసే పని చూడబోతే రెండే మాటలు: తనవారిని గుర్తించడం, పరాయివారిని తరిమివేయడం. సూక్ష్మజీవి లోపలికి రాగానే కొన్ని కణాలు దానిని మింగుతాయి. కొన్ని దాని ఆనవాలు గుర్తు పెట్టుకొని ఇతర కణాలకు చూపుతాయి. మరికొన్ని ఆ ఆనవాలుకు సరిగ్గా అతుక్కొనే ప్రతిరక్షకాలను, అనగా యాంటీబాడీలను తయారు చేస్తాయి. ఒకసారి చూసిన శత్రువును ఏళ్ళ తరబడి మరువకపోవడం ఈ వ్యవస్థ గొప్పదనం. టీకా విద్య అంతయు ఈ జ్ఞాపకశక్తి మీదనే నిలిచి ఉన్నది.

రాజమందిరానికి ప్రత్యేకమైన కట్టుబాట్లు ఉన్నవి. 1885లో జర్మనీ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించగా, అవయవాలన్నియు రంగు తేలినవి గాని మెదడు మాత్రం తేలలేదు. మెదడులోని రక్తనాళాల గోడలలో కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కొని ఉండడమే దీనికి కారణమని తరువాత తెలిసినది. దీనినే ‘రక్త–మెదడు అవరోధం’ అంటారు. 1948లో పీటర్ మెడావర్ కుందేళ్ళపై చేసిన ప్రయోగాల అనంతరం, మెదడు రోగనిరోధక వ్యవస్థ చూపు పడని మినహాయింపు ప్రాంతమన్న అభిప్రాయం బలపడినది. చాలాకాలం పాఠ్యగ్రంథాలు ఆ మాటనే చెప్పినవి.

కాని రాజమందిరం లోపల కావలివారు లేరనుకోవడం పొరపాటు. 1919లో స్పెయిను దేశపు శాస్త్రజ్ఞుడు పియో డెల్ రియో ఓర్టెగా మెదడులోనే కాపురముండే చిన్న కణాలను గుర్తించి వాటికి ‘మైక్రోగ్లియా’ అని పేరు పెట్టినాడు. శిశువు తల్లి గర్భంలో ఉండగానే ఇవి మెదడులోకి చేరి, చిన్న చిన్న కొమ్మలు చాచి నాలుగు దిక్కులా తడుముతూ ఉంటాయి. చనిపోయిన కణాలను ఊడ్చివేయడం, పిల్లల మెదడులో అక్కరలేని నాడీబంధాలను తోటమాలి వలె కత్తిరించడం, సూక్ష్మజీవి దూరితే మీదపడి మింగడం వీటి విధులు. ఆ పిమ్మట 2015లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలోను, ఫిన్లాండులోని హెల్సింకిలోను పనిచేయు శాస్త్రజ్ఞులు ఎలుకల మెదడు పైపొరలలో లింఫు నాళాలు ఉన్నట్లు కనుగొన్నారు. మెదడులోని వ్యర్థపదార్థాలు, సమాచారం ఈ కాలువల ద్వారా మెడలోని గ్రంథులకు చేరుతాయి. మెదడుకు, రోగనిరోధక వ్యవస్థకు మధ్య రాకపోకలు నిరంతరం సాగుతూనే ఉన్నవని దీనితో స్థిరపడినది.

కావలి ఉన్నచోట రెండు ప్రమాదాలు పొంచి ఉంటాయి. ఒకటి, కావలివాడు నిద్రపోవడం. రెండవది, కావలివాడు ఇంటివారినే దొంగలనుకోవడం, లేదా దొంగను పట్టే తొందరలో ఇల్లే తగులబెట్టడం. ‘కంచే చేను మేసినట్లు’ అని మన రైతులు చెప్పుకొనేది ఈ రెండవ ప్రమాదానికి సరిగ్గా సరిపోతుంది.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు

మన ప్రాంతంలో పెద్దవయసు వారెవరిని అడిగినా ఒక మాట చెబుతారు: “కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు.” ఆ సూది భయానికే కుక్క కాటును ఇంట్లో చెప్పక దాచిన పిల్లలు ఎందరో. అయితే ఆ సూదిలో ఏముండేదో తెలిసినవారు తక్కువ. అందులో ఉన్నది గొర్రె మెదడు.

దీని కథ పాశ్చరుతో మొదలవుతుంది. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మీస్టర్ అను తొమ్మిదేళ్ళ బాలునికి, రేబిస్ సోకిన కుందేళ్ళ వెన్నుపాము ఎండబెట్టి తయారుచేసిన మందును ఎక్కించి బ్రతికించినాడు. రేబిస్ క్రిమి నాడీకణజాలంలో పెరిగేది కాబట్టి, టీకా కూడ ఆ కణజాలం నుండియే తయారు కావలసి వచ్చినది. 1911లో హిమాలయ ప్రాంతంలోని కసౌలీలో డేవిడ్ సెంపుల్ అను వైద్యుడు, గొర్రె మెదడులో పెంచిన రేబిస్ క్రిమిని ఫినాల్‌తో చంపి టీకా చేసే పద్ధతిని రూపొందించినాడు. చవకైనది, సులభమైనది కావడం చేత ఈ టీకా దేశమంతటా వ్యాపించినది. హైదరాబాదు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో కూడ గొర్రె మెదడు టీకా తయారయ్యేది. ఈ టీకా లక్షలాది మందిని ఘోరమరణం నుండి కాపాడినదన్న సత్యాన్ని మొదట చెప్పుకోవాలి.

కాని కొందరికి సూదులు మొదలైన వారం, రెండు వారాలకు జ్వరం వచ్చి, కాళ్ళు చచ్చుబడి, మూత్రం బంధించి, కొన్నిసార్లు స్పృహ తప్పి ప్రాణం మీదికి వచ్చేది. ఇది రేబిస్ కాదు. కొన్ని వందల మందిలో ఒకరికి మొదలుకొని కొన్ని వేల మందిలో ఒకరికి వరకు ఇట్లు జరిగినట్లు వివిధ దేశాల లెక్కలు చెప్పినవి. కారణమేమి?

మన నాడీతంతువుల మీద కరెంటు తీగకు తొడుగు వలె ‘మైలిన్’ అను కొవ్వుపొర ఉంటుంది. తొడుగు ఊడిన తీగలో కరెంటు సరిగా పారనట్లే, మైలిన్ చెడిన నాడిలో సందేశం సాగదు. గొర్రె మైలినుకు, మనిషి మైలినుకు చాలా పోలిక ఉన్నది. గొర్రె మెదడు పదార్థాన్ని దినదినమూ పొట్టలోకి పొడిచినప్పుడు శరీరం దానిని పరాయిదిగా ఎంచి ఆయుధాలు సిద్ధం చేసుకొంటుంది. ఆ ఆయుధాలు గొర్రె మైలినుతో ఆగక, తన సొంత మెదడులోని మైలిను మీద కూడ పడేవి. 1987లో థాయ్‌లాండు రోగులపై జరిగిన పరిశోధన, ఇట్టివారిలో మైలిన్ మూలప్రోటీనుకు విరుద్ధమైన ప్రతిరక్షకాలు ఉన్నట్లు చూపినది. కంచె చేను మేయడమంటే ఇదే.

ఈ దుర్ఘటన నుండియే ఒక గొప్ప శాస్త్రశాఖ పుట్టినది. 1933లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో థామస్ రివర్స్, రేబిస్ క్రిమి ఏమాత్రము లేని కుందేలు మెదడు సారాన్ని కోతులకు పలుమార్లు ఎక్కించి, వాటి మెదడు వాచి పక్షవాతం వచ్చినట్లు నిరూపించినాడు. తప్పు క్రిమిది కాదు, కావలిదని తేలినది. తన శరీరం తన మెదడునే గాయపరచగలదన్న సంగతి ప్రయోగశాలలో స్థిరపడినది. నేడు మల్టిపుల్ స్క్లెరోసిస్ అను నాడీవ్యాధికి వాడే మందులలో కొన్ని, ఆ ప్రయోగాల నుండి ఎదిగిన పరిశోధన ఫలాలే.

2004 డిసెంబరుతో మన దేశంలో గొర్రె మెదడు టీకా తయారీ ఆగిపోయినది. నేడు వాడేవి మెదడు కణజాలం లేకుండా, ప్రయోగశాలలో పెంచిన ఇతర కణాలపై తయారైనవి. హైదరాబాదు కేంద్రంగా గల ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ సంస్థ చేసే ‘అభయ్‌రాబ్’ అట్టిదే. నాలుగైదు పర్యాయాలు, అదియు చేతి పైభాగంలో తీసుకొంటే చాలును. బొడ్డు చుట్టూ సూదులన్నవి ఇప్పుడు చరిత్ర. కాని వాటి భయం మాత్రం ఇంకా పూర్తిగా చరిత్ర కాలేదు. ఆ భయంతో నేటికిని గాయానికి కారం, సున్నం, పసుపు పూసి ఊరుకొనే ఇళ్ళు ఉన్నవి. ఇది ప్రాణాంతకం. ఎందుకనగా రేబిస్ క్రిమి మొదటి ప్రమాదానికి ఉదాహరణ: అది నాడుల లోపలి దారిన నిశ్శబ్దంగా మెదడుకు ప్రాకిపోతుంది, కావలివారు మేల్కొనేసరికి అంతా అయిపోతుంది. నీటి భయం వంటి లక్షణాలు కనిపించిన తరువాత బ్రతికి బట్టకట్టినవారు ప్రపంచంలోనే వేళ్ళ మీద లెక్కింపదగినంత మంది. ఆ క్రిమి మెదడు చేరకముందే కావలివారిని నిద్రలేపేదే టీకా.

వానాకాలపు మెదడువాపు

మెదడువాపు అనగానే మన జిల్లాలవారి గుండె ఝల్లుమంటుంది. 2003 వానాకాలంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో, ముఖ్యంగా కరీంనగరు, వరంగల్లు వంటి తెలంగాణ జిల్లాలలో, తొమ్మిది నెలల పసికందు మొదలు పద్నాలుగేళ్ళ పిల్లల వరకు హఠాత్తుగా జ్వరం, వాంతులు, ఫిట్స్, అపస్మారకం కమ్ముకొని, దవాఖానలో చేరిన కొద్ది గంటలు మొదలు రెండు రోజుల లోపలనే కన్నుమూసినారు. నమోదైన 329 మంది పిల్లలలో 183 మంది మరణించినారు. అనగా సగానికన్న ఎక్కువ. పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థ పరిశోధించి, దీనికి కారణం ‘చాందీపుర’ వైరస్ అని తేల్చినది. 1965లో నాగపూరు ప్రాంతంలోని చాందీపుర గ్రామంలో తొలిసారి కనుగొన్నందున దానికి ఆ పేరు వచ్చినది. మట్టిగోడల పగుళ్ళలో, పశువుల కొట్టాలలో దాగే దోమకన్న చిన్న కీటకం దీనిని మోస్తుంది. పత్రికలు దానిని ‘ఇసుక ఈగ’ అని వ్రాసినవి. 2024లో గుజరాతులో ఈ వ్యాధి మరల తలయెత్తినది. దీనికి ఇంతవరకు టీకా లేదు.

దీనికి అన్న వంటిది జపనీస్ మెదడువాపు. మన దేశంలో దీనిని 1955లో తమిళనాడులోని వేలూరు ప్రాంతంలో మొదట గుర్తించినారు. పందులలో, నీటికొంగలలో పెరిగే వైరసును, వరిమళ్ళ నీటిలో పుట్టే దోమలు మనుషులకు చేరుస్తాయి. సోకినవారిలో అత్యధికులకు ఏ లక్షణమూ కనిపించదు. కాని మెదడు వాచినవారిలో నూటికి ఇరవై నుండి ముప్ఫై మంది మరణిస్తారు. బ్రతికినవారిలో నూటికి ముప్ఫై నుండి యాభై మందికి కాలుసేతుల బలహీనత, మూర్ఛలు, బుద్ధిమాంద్యం వంటి అవకరాలు మిగిలిపోతాయి.

ఇంత నష్టం ఒక్క వైరస్ వలననే కలుగుతున్నదా? 2007లో హర్యానా రాష్ట్రం మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు దీనికి సమాధానం వెదికినారు. జపనీస్ మెదడువాపు సోకిన ఎలుకలలో మైక్రోగ్లియా రెచ్చిపోయి వెలువరించే రసాయనాలే నాడీకణాల మరణానికి ఒక ముఖ్యకారణమని వారు చూపినారు. అనగా దొంగను తరుముతూ కావలివారు విసిరిన కాగడాలు ఇంటికే అంటుకొన్నవి. వ్యాధిని వైరస్ మొదలుపెడుతుంది. విధ్వంసంలో పాలు మన రక్షణకు కూడ ఉన్నది.

ఆదిలాబాదు ఏజెన్సీ గ్రామాలకు మలేరియా కొత్త కాదు. ఉట్నూరు పరిసరాలలోని గోండు, కొలాం గూడెములు తరతరాలుగా దీనితో బాధపడినవి. మలేరియాలో ఫాల్సిపారం అను రకం ముదిరితే, క్రిములు దూరిన ఎర్రకణాలు మెదడులోని సన్నని రక్తనాళాల గోడలకు అంటుకొని దారి మూసివేస్తాయి. దానికి తోడు శరీరపు ప్రతిస్పందన హద్దు మీరి వాపును పెంచుతుంది. ఉగాండా దేశంలో జరిగిన ఒక పరిశీలనలో, ఈ మెదడు మలేరియా నుండి బయటపడిన పిల్లలలో సుమారు నలుగురిలో ఒకరికి రెండేళ్ళ తరువాత కూడ తెలివితేటలలో లోపం మిగిలినట్లు కనుగొన్నారు. కాబట్టి “జ్వరం తగ్గింది, పిల్లవాడు బ్రతికినాడు” అని తృప్తిపడి ఊరుకోరాదు. ఆ పిల్లవాడు బడిలో వెనుకబడితే అది సోమరితనమని కొట్టడం అన్యాయం. వైద్యునికి చూపించడం న్యాయం.

గాలి సోకినదనుకొన్న రోగం

ఇంకొక వ్యాధిని గూర్చి మా విద్యార్థినీ విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. చక్కగా చదువుకొంటున్న యువతి కొద్ది రోజులలో మాట తప్పి, లేనివి ఉన్నట్లు చూసి, అరిచి, నిద్ర మాని, ఆపైన మూర్ఛలు వచ్చి, ముఖం, చేతులు వింతగా కదిలించడం మొదలుపెడుతుంది. ఇంటివారు గాలి సోకినదంటారు, దయ్యం పట్టినదంటారు. తాయెత్తులు, మంత్రాలు మొదలవుతాయి. విలువైన వారాలు గడిచిపోతాయి.

2007లో జోసెప్ దాల్మావ్ అను వైద్యుడు, అతని సహచరులు ఇట్టి రోగులలో కొందరి రహస్యాన్ని ఛేదించినారు. మెదడు కణాల మీద సందేశాలను అందుకొనే ‘ఎన్.ఎం.డి.ఏ. గ్రాహకం’ అను ద్వారం వంటి ప్రోటీను ఉన్నది. ఈ రోగుల శరీరం ఆ ద్వారానికి విరుద్ధంగా ప్రతిరక్షకాలను తయారు చేస్తున్నది. కొందరు స్త్రీలలో అండాశయంలోని గడ్డ దీనికి మూలం. వెన్నునీటి పరీక్షతో వ్యాధిని గుర్తించవచ్చును. రోగనిరోధక శక్తిని అదుపు చేసే మందులతో, గడ్డ ఉంటే దానిని తొలగించడంతో చికిత్స చేయవచ్చును. 2013లో ప్రకటించిన ఒక పెద్ద పరిశీలనలో, రెండేళ్ళ కాలంలో నూటికి సుమారు ఎనభై మంది చక్కగా కోలుకొన్నారు. ఎంత త్వరగా చికిత్స మొదలైతే అంత మేలు.

హఠాత్తుగా మనస్సు చెదిరిన ప్రతివారికి ఇదే వ్యాధి అని మేము చెప్పడం లేదు. ఇది అరుదైనదే. కాని జ్వరమో, మూర్ఛయో, కొద్ది రోజులలోనే ముదిరిన మతిభ్రమణమో కనిపించినప్పుడు నాడీవైద్యునికి చూపించవలెనన్న జ్ఞానం ఒక్కటి ఉంటే, ఒక ఆడపిల్ల జీవితం నిలబడవచ్చును. దువా గాని ప్రార్థన గాని మనశ్శాంతికి చేసుకోవచ్చును; దాని కొరకు వైద్యం ఆలస్యం చేయరాదు. అట్టి పిల్లను ఊరంతా పిచ్చిదని ముద్ర వేయడం రోగం కన్న పెద్ద క్రూరత్వం.

వృద్ధాప్యపు మతిమరుపు

ఇంతవరకు చెప్పినవి రోజులలో, వారాలలో ముంచుకు వచ్చే వ్యాధులు. ఏళ్ళ తరబడి నెమ్మదిగా మెదడును తినివేసే వ్యాధులు వేరు. 1906లో జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్, మతిమరుపుతో మరణించిన ఒక స్త్రీ మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, కణాల వెలుపల మచ్చలను, కణాల లోపల ముడులను చూసినాడు. ఆయన పేరనే ఆ వ్యాధి ప్రసిద్ధమైనది. 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం మన దేశంలో అరవై ఏళ్ళు దాటినవారిలో నూటికి సుమారు 7.4 మందికి, అనగా దాదాపు 88 లక్షల మందికి, మతిమరుపు వ్యాధులలో ఏదో ఒకటి ఉన్నది.

ఆ మచ్చలు అమైలాయిడ్ అను ప్రోటీను పోగులు. వాటిని ఊడ్చివేయవలసినది మైక్రోగ్లియా కణాలే. పాకీ పని సరిగా సాగినంత కాలం మెదడు శుభ్రంగా ఉంటుంది. వయసు మీరిన కొద్దీ ఈ కణాలు మందగిస్తాయి. మరొకవంక చిరాకుపడిన కావలివారి వలె ఎల్లప్పుడూ రెచ్చి ఉండి, చుట్టుపక్కల కణాలను గాయపరుస్తాయి. ఊడ్చడం తగ్గి, కొట్లాట పెరుగుతుందన్నమాట. ‘ట్రెమ్–2’ అను జన్యువు మైక్రోగ్లియా పనికి అవసరమైనది. దానిలో ఒక అరుదైన మార్పు ఉన్నవారికి అల్జీమర్స్ వచ్చే అవకాశం సుమారు మూడు రెట్లు ఎక్కువని 2012లో తెలిసినది. వణుకుడు వ్యాధియగు పార్కిన్సన్స్‌లో సైతం చెడిపోయిన మెదడు భాగంలో రెచ్చిన మైక్రోగ్లియా గుంపులు గుంపులుగా ఉన్నట్లు 1988లోనే గుర్తించినారు. అయితే వ్యాధికి మొదటి కారణం రోగనిరోధక వ్యవస్థయేనా, లేక అది తరువాత వచ్చి మంటను పెంచినదా అన్న చర్చ శాస్త్రలోకంలో ఇంకా సాగుతూనే ఉన్నది.

ఈ రంగంలో ఒక ఆశాజనకమైన వార్త 2025లో వెలువడినది. నడుము చుట్టూ పొక్కులు లేచి మంటపెట్టే ‘సర్పి’ వ్యాధికి ఒక టీకా ఉన్నది. బ్రిటనులోని వేల్స్ ప్రాంతంలో 2013లో ఆ టీకా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, 1933 సెప్టెంబరు 2న, ఆ తరువాత పుట్టినవారికే అర్హత అని నియమం పెట్టినారు. ఆ తేదీకి ముందు వారం పుట్టినవారికి, తరువాత వారం పుట్టినవారికి వయసులో గాని, అలవాట్లలో గాని చెప్పుకోదగిన భేదం ఉండదు కదా! ఏడేళ్ళ తరువాత పోల్చిచూడగా, టీకా పొందినవారిలో మతిమరుపు వ్యాధి సుమారు ఐదోవంతు తక్కువగా కనిపించినది. సర్పి వైరస్ నాడులలో నిద్రాణమై ఉండి ముసలితనంలో మేల్కొనడం వలన మెదడుకు హాని కలుగుతుందేమో, లేక టీకా కావలివారికి మంచి శిక్షణ ఇస్తుందేమో, ఇంకా పరిశోధింపవలసి ఉన్నది.

మనం చేయగలిగినవి

శాస్త్రం ఎంత పెరిగినా సామాన్యుడు అడిగేది ఒక్కటే: “నేనేమి చేయాలి?” పైన చెప్పినదంతా కొన్ని నియమాలకు దారి తీస్తుంది.

మొదటిది, కుక్క గాని పిల్లి గాని కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం పూయరాదు. ఆ దినమే దవాఖానకు పోయి టీకా మొదలుపెట్టాలి; గాయం లోతైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడ అడగాలి. మొదలుపెట్టిన టీకాలు మధ్యలో మానరాదు.

రెండవది, జపనీస్ మెదడువాపు టీకా ఇచ్చే జిల్లాలలో పిల్లలకు తొమ్మిది నెలలు నిండిన తరువాత ఒకసారి, పదహారు నుండి ఇరవైనాలుగు నెలల మధ్య మరొకసారి దానిని వేయించాలి. ఈ వ్యాధికి 2013లో వచ్చిన ‘జెన్వాక్’ అను టీకా హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థలో తయారైనదే, కర్ణాటకలోని కోలారు రోగి నుండి సేకరించిన వైరస్‌తో. దోమతెరలు వాడడం, గోడల పగుళ్ళు పూడ్చడం, పందులను ఇళ్ళకు దూరంగా ఉంచడం మన చేతిలోని పనులు.

మూడవది, జ్వరంతో ఫిట్స్ గాని, మగత గాని కనిపిస్తే తెల్లవారేదాకా ఆగరాదు. 2003 నాటి అనుభవం చెప్పినది, ఈ రోగం గంటలను లెక్కపెడుతుందని.

నాలుగవది, పెద్దలకు రక్తపోటు, చక్కెర వ్యాధి అదుపులో ఉంచడం, పొగాకు మానడం, వినికిడి తగ్గితే యంత్రం పెట్టించడం. ఇవి మెదడు ఆరోగ్యానికి కూడ మార్గాలు. మతిమరుపు వ్యాధులలో సుమారు నూటికి 45 కేసులు ఇట్టి పద్నాలుగు కారణాలను సరిదిద్దితే తగ్గడమో, ఆలస్యం కావడమో జరుగుతుందని 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం అంచనా వేసినది. ఆ పద్నాలుగింటిలో చదువులేమి ఒకటి. ఆడపిల్లను బడి మానిపించడం ఆమె ముసలితనపు మెదడుకు కూడ చేటని దీని అర్థం.

ఐదవది మన కళాశాలకు ప్రీతిపాత్రమైనది. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ఫలితాలను ప్రకటించినారు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు వంటి భాషలలో ఒకటికి మించి మాట్లాడేవారికి, ఒకే భాష మాట్లాడేవారికన్న సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా వ్యాధి మొదలైనట్లు తేలినది. చదువురాని వారిలో సైతం ఈ భేదం కనిపించడం విశేషం. రెండు భాషల మధ్య నిత్యం మారడం మెదడుకు వ్యాయామమై నిల్వబలం పెంచుతుందని భావిస్తున్నారు. ఇది రోగనిరోధక శక్తి చేసే పని కాదు. మెదడు తనంతట తాను కూడబెట్టుకొనే ధనం. కరీంనగరు బజారులో తెలుగువాడు ఉర్దూలో బేరమాడడం, ముస్లిం రైతు తెలుగులో పంటల కబుర్లు చెప్పడం మనకు సహజమే. ఆ సహజత్వానికి ఇంత విలువ ఉన్నదని తెలిసిన తరువాత, పొరుగువారి భాషను చులకన చేసేవారు లేకుండుదురు గాక!

కడపటి మాట

రోగనిరోధక శక్తి ఎక్కువైతే మంచిదని, దానిని ‘పెంచే’ పొడులు, కషాయాలు కొనుక్కోవడం నేడు వాడుకగా మారినది. ఇంతవరకు చెప్పిన ఉదాహరణలు వేరొక పాఠం చెబుతున్నవి. కావలి బలంగా ఉండడమే చాలదు. తనవారెవరో, పరాయివారెవరో ఎరిగి ఉండాలి. పని ముగిసిన పిమ్మట ఆయుధం క్రిందికి దించాలి. గొర్రె మెదడు సూదిలో లోపించినది ఆ గుర్తింపు. మెదడువాపులో లోపించినది ఆ మితం. మంచి టీకా చేసే పని శక్తిని గుడ్డిగా పెంచడం కాదు, సరియైన శత్రువును చూపించడం.

విద్యార్థులారా! పాత సూది చేసిన హానిని దాచవలసిన పని లేదు. దానిని గుర్తించి మార్చినది శాస్త్రమే. ఆ హానిని చూపి నేటి టీకాను నిరాకరించడం మాత్రం తెలివి కాదు. మీ ఊళ్ళకు పోయినప్పుడు ఈ రెండు మాటలూ కలిపి చెప్పండి, తెలుగు తెలిసినవారికి తెలుగులో, ఉర్దూ తెలిసినవారికి ఉర్దూలో. చదువుకొన్న ఒక్క నోటి మాట వలన, కుక్క కరిచిన ఒక్క పిల్లవాడైనను వేళకు దవాఖానకు చేరితే, ఈ కళాశాల మీకు నేర్పిన అక్షరాలు సార్థకమైనట్లే.